పాత ఇంట్లో పచ్చ తీగ



"ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది" అని ఇంట్లో ఎవరైనా అంటే చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: "చెప్పులేసుకుని తియ్యి." కొందరు ఫ్రిజ్ ముందు చెక్కపీట వేస్తారు. కొందరు రబ్బరు పట్టా పరుస్తారు. అలాగే నెలలు గడిచిపోతాయి. అలా జివ్వుమంటున్న ఇంట్లో రెండు సంగతులు ఒకేసారి చెడి ఉన్నాయి. ఫ్రిజ్ లోపల ఎక్కడో కరెంటు దారి తప్పి పైనున్న రేకు మీదికి వస్తోంది. అలా వచ్చిన దాన్ని నేలలోకి తీసుకుపోవాల్సిన ఎర్తు తీగ లేదు, ఉన్నా పనిచేయడం లేదు. చెప్పులు ఈ రెండింటిలో దేన్నీ బాగుచేయలేవు. ఏదో ఒక రోజు పిల్లవాడు స్నానం చేసి తడికాళ్లతో వచ్చి అదే తలుపు పట్టుకుంటాడు.

అందుకే ఈ రోజు పాత ఇళ్ల వైరింగు గురించి, అందులోనూ ఎర్తింగు గురించి, తీగల ఎంపిక గురించి మాట్లాడదామనుకుంటున్నాను.

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్తు బోర్డు ఏర్పడింది. ఆ తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో కరెంటు పెట్టించుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఎన్నో నిలబడే ఉన్నాయి. అప్పట్లో ఇంటికి కావలసింది నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ కలిపి వేసినా 400 వాట్లు, అంటే రెండు ఆంపియర్ల లోపు. టేకు బద్దీలు గోడకు కొట్టి, వాటి మీద రబ్బరు తొడుగు తీగలు పరిచి, రేకు క్లిప్పులతో బిగించేవారు. ఇత్తడి మూత ఉన్న నల్ల స్విచ్చి, పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు, ఇనుప పెట్టెలో మెయిను. పని మాత్రం ఎంతో పద్ధతిగా ఉండేది. బద్దీ తిన్నగా పోయేది, క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య దూరం సమంగా ఉండేది. కాని బల్బుకూ ఫ్యానుకూ ఎర్తు కావాలని చాలామంది అనుకోలేదు. రెండు పిన్నుల సాకెట్టే సరిపోయింది.

ఇప్పుడు అదే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ ఉంది, అది 1,700 వాట్లు. గీజరు 2,000. ఇండక్షన్ పొయ్యి 1,800. ఇస్త్రీపెట్టె 1,000, గ్రైండరు, మిక్సీ కలిపి 700, ఫ్రిజ్ 150. అన్నీ ఒకేసారి నడిచిన పూట 30 ఆంపియర్లు దాటిపోతుంది. ఇంటికి రంగులు మారాయి, స్విచ్చిబోర్డులు మారాయి. లోపలి తీగ చాలాచోట్ల మారలేదు.

అలాంటి ఇంట్లో మెయిను ఆపించి, పైకప్పు దగ్గరున్న గుండ్రటి చెక్క బిళ్లను ఎలక్ట్రీషియన్ చేత విప్పించి చూడండి. తీగ మీది రబ్బరు వేలితో తాకితే పొడిపొడిగా రాలుతుంది. లోపలి రాగి చిలుము పట్టి ఉంటుంది. ఎప్పుడో ఫ్యాను మార్చినప్పుడు వేసిన జాయింటు మీది నల్ల టేపు ఊడి వేలాడుతుంటుంది, దాని జిగురు చెక్క మీదికి కారి గట్టిపడి ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు తీగల మధ్య ఇప్పుడున్నది కాస్త గాలి, కాస్త దుమ్ము. వానాకాలం పైకప్పు చెమ్మగిల్లితే ఆ దుమ్ములోంచే కరెంటు పాకుతుంది.

కరెంటు ట్రాన్స్‌ఫార్మరు నుంచి ఫేజు తీగలో బయలుదేరి, మన బల్బులోంచో మోటారులోంచో పోయి, న్యూట్రలు తీగలో తిరిగి ట్రాన్స్‌ఫార్మరుకే చేరుతుంది. అక్కడ ఆ న్యూట్రలును భూమిలోకి కలిపి ఉంచుతారు. కాబట్టి భూమి కూడా కరెంటు వెనక్కి వెళ్లే దారే. ఫేజు ముట్టుకుని నేల మీద నిలబడిన మనిషి ఆ దారిలో ఒక భాగమవుతాడు. ఒళ్లు తడిగా ఉన్నప్పుడు మన శరీరం సుమారు 1,000 ఓముల అడ్డు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒంట్లోంచి పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. పది పదిహేను మిల్లీ ఆంపియర్లకే చేతి కండరాలు బిగుసుకుపోతాయి, పట్టు వదలదు. అంతకు రెండు మూడు రెట్లయి, కొన్ని సెకన్లు ఆగకుండా పారితే ప్రాణానికే ముప్పు.

పచ్చ తీగ, అంటే ఎర్తు తీగ, ఆ మనిషి కంటే ముందే ఇంకో దారి చూపిస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పిన్ను మిగతా రెండింటి కంటే పొడుగ్గా, లావుగా ఉంటుంది. ప్లగ్గు గుచ్చేటప్పుడు అదే ముందు తగలాలి, లాగేటప్పుడు అదే చివర వదలాలి. మనం చేస్తున్నదేమిటి? సాకెట్టుకు రెండు రంధ్రాలే ఉన్నాయని ఆ పిన్నును విరగ్గొట్టి ఇస్త్రీపెట్టె పెడుతున్నాం. ఇంకొన్ని ఇళ్లలో సాకెట్టుకు మూడు రంధ్రాలూ ఉంటాయి. విప్పి చూస్తే వెనక ఎర్తు స్క్రూకు ఏ తీగా ఉండదు. కొత్త బోర్డు బిగించినవాడు పచ్చ తీగ ముక్కను మడిచి లోపలికి తోసేస్తాడు. ముందు నుంచి చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

దీనికి కొందరు పనివాళ్లు ఒక దగ్గరి దారి చూపిస్తారు. "ఎర్తు లాగాలంటే గోడంతా కొట్టాలి సార్. సాకెట్లోనే న్యూట్రలు నుంచి ఎర్తు పిన్నుకు చిన్న లూపు వేసేస్తా, షాకు కొట్టదు" అంటారు. నిజమే, ఆ పూటకు కొట్టదు. టెస్టరు పెట్టినా వెలగదు. కాని గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రలు తీగ తెగిందనుకోండి, లేదా మెయిన్లో న్యూట్రలు స్క్రూ వదులైందనుకోండి. స్విచ్చి వేసి ఉన్న ప్రతి బల్బులోంచీ, ఫ్యానులోంచీ ఫేజు వచ్చి ఆ న్యూట్రలు మీద నిలబడుతుంది. అక్కడి నుంచి లూపు గుండా ఫ్రిజ్ రేకు మీదికి, వాషింగ్ మెషీన్ మీదికి, గీజరు మీదికి ఎక్కుతుంది. వస్తువులో ఏ లోపమూ లేకుండానే వస్తువంతా ఫేజు అవుతుంది. మీ ఇంట్లో ఇలాంటి లూపు ఉందని తేలితే, దాన్ని తీయించేదాకా ఆ సాకెట్టు వాడకండి.

పాత మెయిను పెట్టెల్లో ఇలాంటిదే ఇంకొకటి ఉంటుంది. ఫేజుకొక కిట్‌క్యాట్, న్యూట్రలుకొక కిట్‌క్యాట్. న్యూట్రలు ఫ్యూజు పోయిన రోజు ఇల్లంతా చీకటే, కాని తీగల్లో ఫేజు అలాగే ఉంటుంది. కరెంటు పోయిందనుకుని హోల్డరులో వేలు పెట్టినవాడికి అప్పుడు తెలుస్తుంది. న్యూట్రలు దారిలో ఫ్యూజు ఉండకూడదని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే చెప్పాయి.

సరే, పచ్చ తీగ చివరికి చేరే ఎర్తు గుంత సంగతి చూద్దాం. పెరట్లో గుంత తవ్వి, రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, పైన నీళ్లు పోయడానికి గరాటు అమర్చి, ఇటుకలతో తొట్టి కట్టి మూత పెడతారు. తీయించినవాళ్లు చాలామంది మళ్లీ ఆ మూత ఎత్తరు. నలభై ఏళ్ల కిందటి గుంత మూత ఇప్పుడు ఎత్తితే లోపల బోల్టు తుప్పు ముద్దయి ఉంటుంది. ఇంట్లోకి పోయే జీఐ తీగను పట్టుకుని కాస్త లాగితే చేతిలోకి వచ్చేస్తుంది. నేలను చెమ్మగా ఉంచడానికి వేసిన ఉప్పే ఏళ్ల మీద ఇనుమును తినేసింది. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం, కాకినాడ, విశాఖ వంటి చోట్ల ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కొన్ని ఇళ్లలో అసలు మూతే కనబడదు. కారు పెట్టుకోవడానికి టైల్స్ పరిచినప్పుడు గుంత మీదుగా పరిచేశారు.

గుంత తీయించలేనివాళ్లు కుళాయి గొట్టానికి ఎర్తు కట్టేవారు. గొట్టాలన్నీ ఇనుపవిగా నేలలోకి పోయిన రోజుల్లో అది ఎలాగో నడిచింది. మధ్యలో ఒక్క ముక్క ప్లాస్టిక్ పైపు వేసినా ఆ ఎర్తు చచ్చిపోయినట్టే. అపార్ట్‌మెంటులో అయితే మీ గీజరు లోపం పక్కింటివాళ్ల కుళాయిలో కనబడొచ్చు.

ఇప్పుడు నేను చెప్పబోయేది గుంత బాగానే ఉన్న ఇళ్లకు కూడా వర్తిస్తుంది. దయచేసి ఈ లెక్క వినండి. మీ గుంత అడ్డు 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు ఇంకో 5 ఓములు. ఇవి మంచి గుంతలే. ఫ్రిజ్‌లో ఫేజు రేకుకు తగిలితే, 230ని 10తో భాగిస్తే, ఎర్తులోంచి పోయే కరెంటు 23 ఆంపియర్లు. మీ మెయిన్లో ఉన్నది 32 ఆంపియర్ల ఎంసీబీ, అంటే భారం ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి. 23కి అది పడదు. పాత కిట్‌క్యాట్‌లోని 15 ఆంపియర్ల ఫ్యూజు తీగ కూడా అంతకు కరగకపోవచ్చు. అది తట్టుకునే కరెంటు దాని మీద రాసిన అంకె కంటే చాలా ఎక్కువ. కరెంటు అలా పోతూనే ఉంటుంది, రేకు మీద 115 వోల్టులు నిలబడి ఉంటాయి. ఇక అనంతపురం, మహబూబ్‌నగర్ రాతి నేలల్లో మే నెలలో గుంత ఎండిపోయి 50 ఓములకు చేరిందనుకుంటే, ఎర్తులో పోయేది నాలుగు ఆంపియర్లు, రేకు మీద ఉండేది 200 వోల్టుల పైనే. గుంత ఉంది, పచ్చ తీగ ఉంది, అయినా చెయ్యి పెట్టినవాడికి రక్షణ లేదు.

ఎర్తు ఒక్కటే చాలదు. తప్పు జరిగిన క్షణంలో కరెంటును ఆపేసేది ఇంకొకటి కావాలి. దాని పేరు ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటారు. ఇంట్లోకి ఫేజులో వెళ్లిన కరెంటెంత, న్యూట్రలులో తిరిగొచ్చిందెంత అని క్షణక్షణం లెక్క సరిచూసే గుమాస్తా అది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, అది ఎర్తులోంచి పోయినా మనిషిలోంచి పోయినా, సెకనులో మూడో వంతు లోపే మొత్తం ఆపేస్తుంది. ఇందాకటి 50 ఓముల గుంతతో కూడా ఇది పనిచేస్తుంది. నాలుగు ఆంపియర్లంటే దాని లెక్కలో వంద రెట్లకు మించిన తేడా. ఎర్తు తీగ అసలే లేని పాత ఇంట్లో కూడా, షాకు తగిలిన మనిషిని ఎక్కువసేపు పట్టి ఉంచకుండా విడిపిస్తుంది. ఫేజునూ న్యూట్రలునూ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం అది కనిపెట్టలేదు, ఆ లెక్క సరిపోతుంది కాబట్టి. తీగ మీద భారం ఎక్కువైతే ఆపేది కూడా అది కాదు, దానికి ఎంసీబీ ఉండాల్సిందే. కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి నిప్పు ప్రమాదాలను ఆపడానికి ఉద్దేశించినవి, మనిషికి సరిపోవు. ధర ఒక మంచి సీలింగ్ ఫ్యాను ధరకు అటూ ఇటూగా ఉంటుంది.

పాత ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టగానే నిలబడకపోవచ్చు, పదేపదే పడిపోతుంటుంది. "ఇది మీ ఇంటికి పడదు సార్" అని తీసేస్తామంటారు. తీయనివ్వకండి. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. ఎక్కడైనా న్యూట్రలు, ఎర్తు కలిసిపోయి ఉండొచ్చు. ఒక గది ఫేజుకు పక్క గది న్యూట్రలు వాడి ఉండొచ్చు, పాత ఇళ్లలో ఇది సర్వసాధారణం. ఇన్వర్టరు పెట్టినప్పుడు న్యూట్రలు కలగలిసి ఉండొచ్చు. చెమ్మ పట్టిన తీగ కావొచ్చు, గీజరు కాయిలు కావొచ్చు. ఒక్కొక్క సర్క్యూటు విడదీసి, తీగ తొడుగు అడ్డును కొలిచే మెగ్గరుతో చూస్తే దొరుకుతుంది. తీగల మధ్య, తీగకూ ఎర్తుకూ మధ్య అడ్డు ఒక మెగా ఓము కంటే తక్కువుంటే ఆ తీగ మార్చాల్సిందే. ఒక పూట పట్టే పని, ఓపిక కావాలి. ఓపిక ఉన్న పనివాణ్ణి వెతుక్కోండి, అతను అడిగిన కూలి ఇవ్వండి.

అన్నట్టు, ఇన్వర్టరున్న ఇంట్లో మెయిను ఆపినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు. బ్యాటరీ నుంచి ఫ్యాన్లకూ లైట్లకూ 230 వోల్టులూ వస్తూనే ఉంటాయి. బల్బు మార్చే ముందు ఇన్వర్టరు కూడా ఆపాలి.

ఆర్‌సీసీబీ కాపాడలేని చోటు ఇంకొకటి ఉంది. అది మన పేపర్లలో మళ్లీ మళ్లీ వచ్చే వార్త: దండెం మీద బట్టలు ఆరేస్తూ షాకు తగిలి చనిపోయారని. దండెం ఇనుప తీగ. ఒక కొస కిటికీ ఊచకు, ఇంకో కొస రేకుల షెడ్డు పైపుకు కట్టి ఉంటుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగ ఆ రేకు అంచు మీద ఆని ఉంటుంది. గాలికి ఊగి ఊగి, ఎండకు పెళుసెక్కి, ప్లాస్టిక్ తొడుగు అరిగిపోతుంది. మొదటి వాన పడిన రోజు రేకు, పైపు, దండెం, తడి బట్ట, అన్నీ ఒకటే ఫేజు. ఇదంతా మీటరుకూ ఆర్‌సీసీబీకీ ముందే జరుగుతుంది, లోపలున్న ఏ పరికరానికీ తెలియదు. దండేనికి ఇనుప తీగ విప్పేసి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు తీగ రేకుకు గాని, ఊచకు గాని, చెట్టు కొమ్మకు గాని ఎక్కడైనా ఆనుతోందేమో ఈ వారంలోనే చూడండి. ఆనుతుంటే మీరు ముట్టుకోవద్దు, లైన్‌మన్‌ను పిలవండి. వేసవిలో ఇనుప కూలర్ల విషయం కూడా చెప్పాలి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు లాగెయ్యాలి. పాత వైరింగులో కొన్నిచోట్ల స్విచ్చి ఫేజులో కాక న్యూట్రలులో ఉంటుంది, ఆపినా కూలరులో ఫేజు అలాగే ఉంటుంది.

ఇక తీగలు. 60లు, 70లలో రాగి కరువై చాలా ఇళ్లకు అల్యూమినియం తీగ వేశారు. దాని ద్వారా కరెంటు పోవడంలో తప్పేమీ లేదు. అదే మందానికి రాగి కంటే అడ్డు ఒకటిన్నర రెట్ల పైన, అంతే. చిక్కంతా బిగింపు దగ్గర వస్తుంది. స్క్రూ కింద అల్యూమినియం ఏళ్ల మీద నలిగి పలచబడి వదులవుతుంది. పైన తెల్లటి పొర కట్టి కరెంటుకు అడ్డుపడుతుంది. దాన్ని రాగితో మెలిపెట్టి టేపు చుడితే చెమ్మకు ఆ జాయింటు తినుకుపోతుంది. సాకెట్టు ముఖం గోధుమరంగుకు తిరిగినా, బోర్డు దగ్గర చేపల కంపులాంటి వాసన వచ్చినా లోపల బిగింపు కాలుతోందని అర్థం. అల్యూమినియం తీగల మీద ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి నడపకండి. వెంటనే మార్చలేకపోతే వాటిని లైట్లకూ ఫ్యాన్లకూ పరిమితం చేసి, ముందు 6 ఆంపియర్ల ఎంసీబీ పెట్టించండి.

పాత పనివాళ్లు ఇప్పటికీ వన్ ఎయిటీన్, త్రీ ట్వంటీ, సెవెన్ ట్వంటీ అంటారు. పోగులెన్ని, పోగు గేజి ఎంత అనే లెక్క అది. షాపులో ఆ పేర్లకు ఇచ్చే తీగలు తేడాగా ఉంటాయి కాబట్టి చదరపు మిల్లీమీటర్లలోనే అడగండి. లైట్లకు ఒకటిన్నర. 16 ఆంపియర్ల సాకెట్టుకు రెండున్నర. ఏసీకి, గీజరుకు విడివిడిగా నాలుగు, అది కూడా మెయిన్ల నుంచి నేరుగా, మధ్యలో ఇంకో బోర్డు తగలకుండా. ఎర్తు తీగకు చాలామంది పిసినారితనం చూపించి ఒకటి వేస్తారు. ఫేజు ఎంతో ఎర్తూ అంతే ఉండాలి.

ఎంసీబీ ఉన్నది తీగను కాపాడడానికి. ఒకటిన్నర తీగకు 10, రెండున్నరకు 16, నాలుగుకు 20 లేదా 25 ఆంపియర్లు. ఏసీ వేస్తే 16 పడిపోతోందని 32 పెట్టించడమంటే, ఫ్యూజులో రెండు పోగులు వేసిన పాత అలవాటే. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలు. గోడలో ఒకే పైపులో నాలుగు జతలు కుక్కితే ఆ వేడి బయటికి పోయే దారి కూడా ఉండదు.

తీగ చుట్ట మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అనే నంబరు, 90 మీటర్ల పొడవు చూసుకోండి. కొసన అంగుళం ఒలిపించి, ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. కొద్ది తేడాకు ఎఫ్ఆర్ఎల్ఎస్ రకం దొరుకుతుంది, కాలినా పొగ తక్కువ. ఇళ్లలో నిప్పంటుకున్నప్పుడు మనుషుల్ని ముందు కమ్మేసేది పొగే కాబట్టి ఆ తేడా పెట్టడం మంచిదే.

అంతా ఒకేసారి మార్చడానికి డబ్బు లేకపోతే? ముందు ఆర్‌సీసీబీ. తర్వాత ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్, వంటగది, బోరు మోటారు, ఈ ఐదు చోట్లకు మాత్రం కొత్త ఫేజు, న్యూట్రలు, ఎర్తు మూడూ కలిపి లాగించండి. గోడ కొట్టనక్కర్లేదు, పైన ప్లాస్టిక్ పట్టీ వేయించవచ్చు. పెంకుటింట్లోనైనా కనబడితే కనబడనీయండి. కొత్త గుంత అప్పుడే తీయించండి, తొట్టి మూత పైకి కనిపించేలా. బద్దీల మీది లైట్ల తీగలు ఆఖర్న మారినా ఫరవాలేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇంటివారిని మొహమాటం లేకుండా అడగండి, ఇంటివారు కాదనకండి.

పని నడుస్తున్నప్పుడు గోడలో పైపులు ఎటు పోతున్నాయో సిమెంటు పూయకముందే ఫోనుతో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఏ ఎంసీబీ ఏ గదిదో పెట్టె తలుపు లోపల తెలుగులో రాయించండి, ఇంట్లో పెద్దవాళ్లు కూడా చదువుకునేలా. ఆర్‌సీసీబీ మీద టీ అనే అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. నెలకొకసారి నొక్కండి. నొక్కగానే టక్కున పడాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి.